గొఱ్ఱె వీపుమీది రంగు

మదనపల్లెనుండి పుంగనూరు, పలమనేరుల మీదుగా కుప్పమునకు పోవు బాటలో బస్సు నడుమ నడుమ నిలిచిపోవుట వింత కాదు. ఎదుట గొఱ్ఱెలమంద బాట నిండ వచ్చుచుండును. కాపరి కఱ్ఱ అడ్డము చాచి మందను ప్రక్కకు మఱలించులోపల ప్రయాణికులు కిటికీలలోనుండి చూతురు. ఒక గొఱ్ఱె నడుముపై ఎఱ్ఱని పట్టె. మఱియొకదాని తొడపై నీలపు చుక్క. వేఱొకదాని మెడమీద పసుపుపచ్చని మచ్చ. "పండుగ ఏదైన వచ్చినదా?" అని పట్టణమునుండి వచ్చిన చిన్నవాడు తండ్రిని అడుగును. "గుర్తుకొఱకు, నాయనా" అని తండ్రి చెప్పును. ఆ సమాధానము సరియైనదే. కాని ఎవరి గుర్తు? ఎవరికొఱకు గుర్తు? ఏ తగవు రాకుండుటకు ఆ గుర్తు? ఈ మూడు ప్రశ్నలను వేసినచో ఆ చిన్న రంగుచుక్క వెనుక వేల ఏండ్ల చరిత్ర కనబడును. ఆ చరిత్రనే ఈ ప్రసంగమున స్థూలముగా తెలుపుటకు ప్రయత్నింతును.

మొదట ఈ సీమను గూర్చి రెండు మాటలు. పూర్వపు చిత్తూరు జిల్లాకు పడమట నున్న మదనపల్లె, పుంగనూరు, కుప్పము ప్రాంతములు మైసూరు పీఠభూమికి అంచున ఉన్న మెట్టసీమలు. మదనపల్లె సముద్రమట్టమునకు రమారమి 2,200 అడుగుల ఎత్తున ఉన్నది. నేల ఎఱ్ఱది, బండలు, గుట్టలు మెండు, వాన తక్కువ, ఆ వచ్చు వానయు నమ్మరానిది. చెఱువు నిండిన ఏడు వరి పండును. నిండని ఏడు రాగి, వేరుసెనగలే దిక్కు. ఏ పంటయు చేతికి రాని ఏట రైతు ఇంటిని నిలుపునవి గొఱ్ఱెలు, మేకలు. ఈ రెంటిని కలిపి ఇక్కడి జనులు 'జీవాలు' అని పిలుతురు. కరవు నాడు అమ్ముకొనుటకు వీలయిన ఆస్తి అదియే గనుక ఆ పేరు తగినట్లే ఉన్నది. మదనపల్లెకు చేరువనే కురబలకోట అను ఊరు కలదు. గొఱ్ఱెల పెంపకము, కంబళినేత కులవృత్తులుగా గల కురబల పేరు ఆ ఊరికి స్థిరపడిపోయినది. గొల్లలును, కురబలును తరతరములుగా ఈ సీమలో మందలను కాచుచు వచ్చిరి. 2019 సంవత్సరపు పశుగణనలో ఆంధ్రప్రదేశమున సుమారు 1 కోటి 76 లక్షల గొఱ్ఱెలు లెక్కకు వచ్చినవి. తెలంగాణము తరువాత దేశమున రెండవ స్థానము మన రాష్ట్రమునదే. ఇన్ని జీవములు ఒకదానినొకటి పోలియుండి, ఒకే బీడున మేయుచు, ఒకే నీటిపట్టున త్రాగుచుండగా, ఇది నాది, అది నీది అని చెప్పుట ఎట్లు?

గొఱ్ఱె ఒడలి రంగునుబట్టి చెప్పవచ్చునుగదా అని తోచవచ్చును. మన ప్రాంతమున విరివిగా కనబడు నెల్లూరు జాతి గొఱ్ఱెలలో మూడు తెగలు కలవు. ఒడలెల్ల తెల్లనిది పల్ల. తెల్లని ఒడలిపై కన్నుల చుట్టును, పెదవులయందును నల్లని మచ్చలు గలది జోడిపి. ఒడలెల్ల గోధుమవన్నెది దొర. ఇది తెగను తెలుపును గాని యజమానిని తెలుపదు. నూఱు పల్ల గొఱ్ఱెలు ఒక్కచోట చేరినప్పుడు బయటివాని కన్నులకు నూఱును ఒక్కటియే.

కాపరి కన్నులకు మాత్రము అట్లు కాదు. తన మందలోని ప్రతి జీవమును అతడు ముఖమునుబట్టియు, నడకనుబట్టియు, అఱపునుబట్టియు ఎఱుగును. 'ఇది మొన్న కాలు కుంటిన గొఱ్ఱె కూతురు, అది బావివద్ద కొన్న పొట్టేలి చెల్లెలు' అని వంశవృక్షమంతయు చెప్పగలడు. గొఱ్ఱెలకే ఒకదాని ముఖమును మఱియొకటి గుర్తించు శక్తి కలదని శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఇంగ్లండున కేంబ్రిడ్జికి చేరువ నున్న బాబ్రహాము పరిశోధనాలయమువారు 2001లో 'నేచరు' పత్రికయందు ప్రకటించిన పరిశోధనలో, గొఱ్ఱె ఏబది ఇతర గొఱ్ఱెల ముఖములను రెండేండ్లకు పైగా జ్ఞాపకముంచుకొనగలదని తేలినది. ఇక తల్లికిని పిల్లకును గల ఎఱుక వాసనవలన ఏర్పడును. ఈనిన కొద్ది గంటలలోనే పిల్లను నాకుచు తల్లి దాని వాసనను పట్టుకొనును. అటుపిమ్మట వేఱు పిల్లను దరికి రానీయదు.

కాపరికి గుర్తు అక్కఱలేదు, గొఱ్ఱెకును అక్కఱలేదు. గుర్తు కావలసినది మూడవవానికి. పొరుగు కాపరికి, సంతలోని బేరగానికి, ఊరి పెద్దలకు, పశువైద్యునికి, తగవు వచ్చినప్పుడు న్యాయాధిపతికి. తానెఱిగిన సత్యమును ఎఱుగనివానికి తెలియజెప్పుటకై కాపరి తన జీవముపై వేసిన వ్రాత ఈ రంగు. అక్షరము రానివాడు వ్రాసి, అక్షరము రానివాడు చదువగల వ్రాత ఇది. కుప్పము వంటి చోట దీని విలువ ఇంకను తెలియును. అక్కడ మూడు రాష్ట్రముల ఎల్లలు చేరువగా కలియును. సంతలో తెలుగు, తమిళము, కన్నడము మూడును వినబడును. ఎఱ్ఱచుక్కకు మాత్రము భాషాభేదము లేదు.

ఈ వ్రాత ఎప్పుడెప్పుడు అవసరమగునో చూతము. కోతలైన పొలములలో రాత్రివేళ మందను నిలిపించుకొనుట మన సీమలో పాత ఆచారము. గొఱ్ఱెల పెంటికయు, మూత్రమును పొలమునకు మంచి ఎరువు గనుక రైతు కాపరులకు ధాన్యమో రొక్కమో ఇచ్చి మందను కట్టించుకొనును. ఒక్క కాపరి మంద చాలకున్నచో నలుగురి మందలు ఒకే తడకలో చేరును. తెల్లవాఱగానే ఎవరి జీవములను వారు వేఱుపఱచుకొనవలెను. ఎండకాలమున మేతను వెదకుకొనుచు నాలుగైదు కుటుంబములవారు కలిసి దూరదేశములకు పోవునప్పుడును ఇదే ఇక్కట్టు. ఎడమతొడపై ఎఱ్ఱచుక్క గలవి ఒకరివి. నడుముపై నీలిపట్టె గలవి ఇంకొకరివి అని ముందే ఏర్పఱచుకొన్నచో ఉదయమున మాటపట్టింపులు ఉండవు.

సంతలోనిది మఱియొక అవసరము. కురబలకోట చెంతనే ఉన్న అంగళ్లు సంతవంటి చోట బేరగాడు ఒక్కొక్క రైతువద్ద రెండేసి, మూడేసి జీవములను కొనుచు పోవును. కొన్నదానిపై తన రంగు వేయును. అది బేరము ముగిసినదని లోకమునకు చాటుట. ఆ రంగు పడిన పిమ్మట మఱియొకడు వచ్చి ధర అడుగడు. అమ్మినవాడు మాట మార్పలేడు. సాయంకాలమునకు నలుగురు బేరగాండ్రు కలిసి ఒకే లారీలో జీవములను ఎక్కింతురు. బెంగుళూరులో దింపునప్పుడు ఎవరి వాటా వారికి చేర్చునది ఆ రంగే.

అన్నిటికంటె నాజూకైనది పాలు పద్ధతి. గొఱ్ఱెలు కొనుటకు రొక్కము గలవాడు ఒకడు. కాచుటకు ఓపిక గలవాడు ఇంకొకడు. మొదటివాడు తన గొఱ్ఱెలను రెండవవానికి పాలుకు ఇచ్చును. తల్లి గొఱ్ఱెలు యజమానివే. పుట్టిన పిల్లలలో చెఱిసగము. కాపరికి తన సొంత జీవములు కూడ నాలుగు ఉండును. అన్నియు ఒకే మందగా మేయును. ఒకనాడు ఒక గొఱ్ఱె రోగమువచ్చి చచ్చినది. చచ్చినది ఎవరిది? యజమానిదా, కాపరిదా? ఒకనాడు ఒక గొఱ్ఱె కనబడలేదు. తోడేలు తినినదా, అమ్ముకొన్నాడా? ఇట్టి ప్రశ్న పుట్టిననాడు కాపరి పరువే ప్రశ్నయగును. పేదవాడు గనుక అతని మాటకు సాక్ష్యము కావలెను. గుర్తు యజమాని ఆస్తిని కాపాడుటకు పుట్టినదని మనము తలతుము. నిజమునకు అది కాపరి నిజాయితీకి కూడ కాపుదలయే.

ఈ సమస్యను మన ప్రాచీనులు ఎంత లోతుగా ఆలోచించిరో చూచినచో ఆశ్చర్యము కలుగును. పశువుల చెవులపై గుర్తులుంచుట వేదకాలమునాటికే ఉన్న ఆచారము. అథర్వవేదమున దూడల చెవులకు ఎఱ్ఱని లోహపు కత్తితో గుర్తుపెట్టుటను గూర్చిన సూక్తము కలదు. పాణిని తన అష్టాధ్యాయిలో ఇట్టి చెవిగుర్తులను గూర్చి ప్రత్యేకముగా ఒక సూత్రమునే కూర్చెను. గుర్తును తెలుపు పదమునకు 'కర్ణ' శబ్దము చేరునప్పుడు ముందున్న అచ్చు దీర్ఘమగునని ఆ సూత్రము. కొడవలి గుర్తు గల చెవి ఉన్న పశువు 'దాత్రాకర్ణము'. ఈ నియమము వర్తింపని పదములుగా అతడు తొమ్మిదింటిని పేర్కొనెను. విష్టము, అష్ట, పంచ, మణి, భిన్నము, ఛిన్నము, ఛిద్రము, స్రువము, స్వస్తికము అనునవి అవి. ఛిన్నమన కోసినది, ఛిద్రమన రంధ్రము చేసినది, స్రువమన యజ్ఞమున వాడు గరిటె గుర్తు. వ్యాకరణకర్త ఒక సూత్రమును వెచ్చించెనన్నచో ఈ గుర్తుల పేర్లు నాటి జనుల నోళ్లలో నిత్యము ఆడుచుండెనని తెలియుచున్నది.

మహాభారతమున అరణ్యపర్వమునందలి ఘోషయాత్ర కథ మన శ్రోతలకు తెలిసినదే. వనవాసమున నున్న పాండవులకు తన వైభవమును చూపి నొప్పింపవలెనని దుర్యోధనుడు ద్వైతవనమునకు బయలుదేఱెను. తండ్రియైన ధృతరాష్ట్రుని ఒప్పించుటకు ఒక సాకు కావలెనుగదా. గోవులను లెక్కించి, దూడలకు గుర్తులువేయు కాలము వచ్చినదనియే ఆ సాకు. అక్కడికి చేరి అతడు గోవులను చూచి, గుర్తులువేయించి, మూడేండ్ల దూడలను ఎంచి లెక్కింపించెనని కథ. ఆ లెక్కకు మూలమున 'స్మారణము' అను మాట వాడబడినది. జ్ఞప్తికి తెచ్చుకొనుట అని అర్థము. పశువులను ఏడాదికొకమాఱు ఎంచి గుర్తువేయుట రాజకార్యముగా ఉండుటచేతనే ఆ సాకు చెల్లినది.

కౌటిల్యుని అర్థశాస్త్రము ఈ విషయమున మఱింత తేటగా మాటలాడును. శతాబ్దములపాటు పేరుమాత్రముగా మిగిలిన ఆ గ్రంథపు తాళపత్రప్రతి 1905లో మైసూరు ప్రాచ్యగ్రంథాలయమున శామశాస్త్రిగారి చేతికి వచ్చినది, 1909లో అచ్చయినది. అందు గోధ్యక్షుడను అధికారి విధులు చెప్పబడినవి. అతడు ప్రతి పశువునకు వేసిన ముద్రను, పుట్టు మచ్చను, వన్నెను, కొమ్ముల నడుమ దూరమును లెక్కపుస్తకమున వ్రాయవలెను. పరుల పశువుపై రాజముద్ర వేసి మార్చినవానికి జరిమానా. గొఱ్ఱెలకు, మేకలకు ఆఱు నెలలకొకమాఱు ఉన్ని కత్తిరింపవలెను. అన్నిటికంటె మన విషయమునకు ముఖ్యమైనది మఱియొక నియమము. పశువు సహజముగా చచ్చినప్పుడు కాపరి దాని సాక్ష్యమును తెచ్చి చూపవలెను. ఆవు, గేదెలైనచో ముద్ర గల చర్మము; గొఱ్ఱె, మేకలైనచో గుర్తు గల చెవి. మనుస్మృతియు ఎనిమిదవ అధ్యాయమున ఇదే ధర్మమును చెప్పుచున్నది. చచ్చిన పశువుల చెవులను, చర్మమును, తోకవెండ్రుకలను యజమానికి అప్పగించి గుర్తులను చూపవలెనట. పాలుకు ఇచ్చిన గొఱ్ఱె ఎవరిది చచ్చినదను ప్రశ్నకు ఆనాడే చెప్పిన సమాధానమిది. మందలో నూఱు జీవములుండగా ఏది చచ్చినను 'నీదే చచ్చినది' అని కాపరి చెప్పుటకు వీలులేదు. 'నీవు అమ్ముకొంటివి' అని యజమాని నిందించుటకును వీలులేదు. చెవియే మాటలాడును.

ఇచ్చట ఒక భేదమును గమనింపవలెను. మధ్యయుగమున మన దేవాలయములలో అఖండదీపములకై గొఱ్ఱెలను దానమిచ్చు ఆచారము విరివిగా ఉండెను. ద్రాక్షారామ భీమేశ్వరాలయము మొదలగు చోట్ల శాసనములలో ఇట్టివి పలు కానవచ్చును. దాత ఇన్ని జీవములని ఇచ్చును. వానిని ఒక కాపరికి అప్పగింతురు. అతడును అతని సంతతియు దీపమునకు నియమముగా నేయి కొలువవలెను. చోళుల ఏలుబడిలోని తమిళ శాసనములు ఇట్టి జీవములను 'చావని, ముదియని గొఱ్ఱెలు' అని చమత్కారముగా చెప్పినవి. ఒక దీపమునకు 96 గొఱ్ఱెలని అనేక శాసనములలో లెక్క కనబడును. ఏ గొఱ్ఱెయైనను చావక తప్పదు గాని, చచ్చినదాని స్థానమున పుట్టిన పిల్ల చేరుచుండును గనుక లెక్క చావదు. అక్కడ కావలసినది సంఖ్య. ఏ గొఱ్ఱె ఏదియను విచారము అక్కఱలేదు. పాలు పద్ధతిలో కావలసినది గొఱ్ఱె. ఆ గొఱ్ఱె, ఈ గొఱ్ఱె అను భేదమునకు విలువ వచ్చినచోటనే గుర్తునకు పని పుట్టునని దీనినిబట్టి గ్రహింపవచ్చును.

గుర్తు అన్ని వేళల 'ఇది నాది' అనియే చెప్పునా? తెలుగులో 'అచ్చోసిన ఆంబోతు' అను మాట ఎఱుగనివారు లేరు. వృషోత్సర్గమను కర్మలో కోడెదూడకు త్రిశూలము, చక్రము మున్నగు ముద్రలువేసి దేవునిపేర విడిచిపెట్టుదురు. ఆ అచ్చు చూచినవారు దానిని కట్టరు, కొట్టరు. ఎవరి చేలో పడినను ఓర్చుకొందురు. ఇక్కడ గుర్తు 'ఇది ఎవరిదియు కాదు, దేవునిది' అని చెప్పుచున్నది. గ్రామదేవతలకు మ్రొక్కుకొన్న పొట్టేలు కథయు ఇట్టిదే. నుదుట పసుపు కుంకుమ పెట్టిన పిమ్మట దానికి బేరము లేదు. కనుమనాడు పశువుల కొమ్ములకు వేయు రంగు వేఱు. అది సంతోషమునకు వేసినది. ఒకే రంగు ఒకచోట యాజమాన్యమును, ఒకచోట మ్రొక్కుబడిని, ఒకచోట పండుగను తెలుపును. చదువువానికి ఆచారము తెలిసియుండవలెను.

ఆంగ్లేయుల పాలనలో గుర్తు కచ్చేరి మెట్లెక్కినది. 1860లో చేసిన భారత శిక్షాస్మృతి 479వ విభాగమున 'ఆస్తిగుర్తు' అనగా నేమో నిర్వచించినది: చరాస్తి ఫలానావానిదని తెలుపుటకు వాడు గుర్తు. అబద్ధపు గుర్తు వేయుటయు, ఉన్న గుర్తును చెఱుపుటయు నేరములని తరువాతి విభాగములు చెప్పినవి. 2024 జూలై 1వ తేదీనుండి అమలునకు వచ్చిన భారతీయ న్యాయసంహితలోను ఆస్తిగుర్తు నిలిచియున్నది. దాని విభాగసంఖ్య 345. పల్లెవారికి వీనికంటె బాగుగా తెలిసినది 1871 నాటి పశువుల అక్రమప్రవేశ చట్టము. దానినిబట్టి ఏర్పడినదే బందెలదొడ్డి. ఆ చట్టమున 'పశువు' అను మాటలో గొఱ్ఱె, పొట్టేలు, మేక, వాని పిల్లలు కూడ చేరియున్నవి. ఒకరి చేలోపడి బందెలదొడ్డికి వచ్చిన పశువుల సంఖ్యను, ఆనవాళ్లను, తెచ్చిన దినమును, గంటను, తోలితెచ్చినవాని పేరును, తెలిసినచో యజమాని పేరును దొడ్డి కాపలాదారు పుస్తకమున వ్రాయవలెను. గడువులోపల యజమాని వచ్చి జరిమానా చెల్లింపకున్నచో వేలమే. 'తెల్లగొఱ్ఱె' అని వ్రాసినచో ఎవరైనను వచ్చి నాదనవచ్చును. 'కుడిచెవి కొన కోసినది, నడుముపై జేగురు పట్టె' అని వ్రాసినచో ఒక్కడే అనగలడు. గోధ్యక్షుని లెక్కపుస్తకమునకును, బందెలదొడ్డి పుస్తకమునకును ఎంత పోలికయో చూడుడు.

ఈ వ్యవహారము మనకే ప్రత్యేకమైనది కాదు. ఇంగ్లండు ఉత్తరభాగమున సరస్సుల సీమ అను కొండప్రాంతము కలదు. అక్కడి కొండలకు కంచెలు లేవు; పలువురి గొఱ్ఱెలు కలిసి మేయును. ప్రతి కమతమునకు ఒక రంగుగుర్తు, ఒక చెవిగుర్తు ఏర్పడియున్నవి. తప్పిపోయిన గొఱ్ఱెను ఎవరిదో తెలిసికొని చేర్చుటకై 1817లో జోసెఫ్ వాకరు అను కాపరి ఈ గుర్తులన్నిటిని బొమ్మలతో అచ్చువేసి ఒక పుస్తకముగా వెలువరించెను. పుట పుటకు గొఱ్ఱెల బొమ్మలు. వానిపై ఆయా కమతముల గుర్తులు. ఆ సంప్రదాయమున తరువాతను ఇట్టి పుస్తకములు వెలువడుచునే వచ్చినవి. ఆ గుర్తులకు వాడినది మన జేగురువంటి ఎఱ్ఱమన్నే. ఆ మన్నును ఊరూర అమ్ముచు, ఒడలెల్ల ఎఱ్ఱబాఱిన ఒక వర్తకుని థామసు హార్డీ 1878 నాటి తన నవలయందు ముఖ్యపాత్రగా చేసెను.

వారు రంగును మఱియొక పనికి కూడ వాడుదురు. పొట్టేలు రొమ్మునకు రంగు పూసి మందలోనికి విడుతురు. అది దాటిన గొఱ్ఱె నడుమునకు ఆ రంగు అంటుకొనును. గొఱ్ఱె ఎదకు వచ్చు చక్రము రమారమి 17 దినములు గనుక అన్ని దినములకొకమాఱు రంగు మార్తురు. మొదట లేతరంగు, పిదప ముదురు రంగు. ఏ గొఱ్ఱె ఏ వారమున కట్టినదో రంగే చెప్పును. అటనుండి ఐదు నెలలకు ఈనునని లెక్క. రెండవ రంగు కూడ పడినదన్నచో మొదటిసారి చూలు నిలువలేదన్నమాట. గొఱ్ఱెలన్నిటికిని మరల మరల రంగు పడుచున్నచో లోపము పొట్టేలిదే. మన సీమలో పొట్టేలు సాధారణముగా ఏడాది పొడవునను మందలోనే తిరుగును గనుక ఈ పద్ధతి ప్రబలలేదు.

ఆ దేశములలో ఈ రంగు ఒక చిక్కును కూడ తెచ్చినది. అక్కడ గొఱ్ఱెలనుండి ఉన్నిని కూడ తీయుదురు. కీలు, ఇంటి రంగులు ఉన్నికి అంటినచో ఎంత కడిగినను పోవు. నేసిన బట్టలో మచ్చగా తేలును. ఈ నష్టమునకు మందుగా, కొంతకాలము వానకును ఎండకును నిలిచి, మిల్లులో ఉన్ని కడుగునప్పుడు పూర్తిగా పోవు రంగులను శాస్త్రజ్ఞులు కనిపెట్టిరి. ఆస్ట్రేలియా ప్రభుత్వ పరిశోధనసంస్థ రూపొందించిన 'సైరోమార్కు' ఇట్టిది. మన నెల్లూరు గొఱ్ఱెకు ఉన్ని లేదు, పొట్టివెండ్రుకలే ఉండును. కావున మనవారికి ఆ బెంగ లేదు. దక్కను జాతి నల్లగొఱ్ఱెల విషయము వేఱు. నల్లని ఉన్నిపై రంగు కానరాదు. కానవచ్చినను కంబళికి చెఱుపు. వానికి చెవిగుర్తే మేలు.

చెవిగుర్తునకును రంగునకును గల భేదమును ఇక్కడ చెప్పవలెను. చెవి కోసినది బ్రదికినంతకాలము ఉండును. యాజమాన్యమునకు అది తగినది. కాని జీవము చేయి మాఱినప్పుడు పాత గుర్తు చెఱుగదు. కొత్త గుర్తునకు చోటుండదు. కోతవలన నొప్పి, పుండు తప్పవు. రంగు నాలుగు వానలకు పోవును. ఆ పోవుటయే దాని గుణము. ఇవ్వాళ కొన్నది, ఈ వారము మందు త్రాగినది, ఈ రాత్రి నాతడకలోనిది అను తాత్కాలిక విషయములకు అదియే తగును. ఎఱ్ఱనేల సీమలో జీవముల ఒడలికి అంటు ధూళియు ఎఱ్ఱగనే ఉండును గనుక జేగురుకంటె నీలమో, పచ్చయో దూరమునకు బాగుగా కనబడును. గోధుమవన్నె దొర గొఱ్ఱెపై తెల్లనిదో పసుపుపచ్చనిదో మేలు.

ఈ కాలమున రంగునకు ముఖ్యమైన పని వైద్యమువద్ద ఏర్పడినది. పీ.పీ.ఆర్. అను జీవాల మహమ్మారి మన దేశమున మొదట 1987లో తమిళనాడునందలి విల్లుపురము ప్రాంతమున గుర్తింపబడినది. అది మందలో ప్రవేశించినచో కొద్దిదినములలోనే ఇల్లు గుల్లయగును. దానికి టీకా కలదు. పశువైద్యుడు ఉదయమున వచ్చి రెండువందల జీవములకు టీకా వేయవలెను. తడకలో అవి తిరుగుచు, త్రోసికొనుచు ఉండును. వేసినదానికి వెంటనే ఒక చుక్క పెట్టనిచో ఒకటి రెండు తప్పిపోవును. తప్పిపోయిన ఆ ఒక్కదానికే రోగము రావచ్చును. నట్టల మందు త్రాగించునప్పుడు ఇంకొక అపాయము: ఒకదానికే రెండుమాఱులు పోసినచో మందే విషము కావచ్చును. ఇక్కడ చుక్క ప్రాణరక్షకము.

రంగునందును జాగ్రత్త అవసరము. చౌకగా దొరకునని ఇంటి తలుపులకు వేయు రంగును, సిందూరమును జీవముల ఒంటికి పూయరాదు. సిందూరమున సీసము కలదు. పాత ఇంటి రంగులలోను సీసము మెండుగా ఉండెడిది. మన దేశమున దానికి గట్టి పరిమితి 2017లో అమలునకు వచ్చినది. గొఱ్ఱెలు తమ ఒడలిని, ఒకదానినొకటి నాకుకొనును. సీసము కడుపులోనికి పోయినచో ప్రాణాపాయము. అప్పుడే పుట్టిన పిల్లకు తల్లి నాకి ముగించువఱకు ఏ రంగును పూయరాదు. ఘాటైన వాసన గల రంగు పూసినచో తల్లి తన పిల్లను పోల్చుకొనలేక తన్నివేయవచ్చును. పరులకు గుర్తు తెలుపబోయి తల్లికే గుర్తు చెఱుపుట తగదు.

ఇప్పుడు చెవిపోగులు వచ్చినవి. 2019 సెప్టెంబరు 11వ తేదీన మధురలో ప్రారంభమైన జాతీయ పశువ్యాధి నియంత్రణ పథకముతో దేశమందలి పశువులకు పండ్రెండంకెల సంఖ్య గల చెవిపోగును వేయుట విస్తరించినది. భీమా చేయించిన గొఱ్ఱెకు పోగు తప్పనిసరి. గొఱ్ఱె చచ్చినచో ఆ పోగును చూపినగాని భీమాసొమ్ము రాదు. పోగు లేనిచో పరిహారము లేదనుట కంపెనీల నియమము. శ్రోతలు ఇక్కడ ఒక్క క్షణము ఆగి ఆలోచింపవలెను. చచ్చిన గొఱ్ఱె చెవిని తెచ్చి చూపుమని కౌటిల్యుడు కాపరికి చెప్పెను. చెవిపోగును తెచ్చి చూపుమని భీమా కంపెనీ రైతునకు చెప్పుచున్నది. నడుమ రాజ్యములు మాఱినవి, భాషలు మాఱినవి; నమ్మకమునకు సాక్ష్యమడుగు తీరు మాఱలేదు.

పోగు వచ్చినదని రంగు పోలేదు. పండ్రెండంకెలను చదువవలెనన్న గొఱ్ఱెను పట్టుకొని చెవి ఎత్తి చూడవలెను. పొద్దుగ్రుంకువేళ రెండు మందలు కలిసిపోయినప్పుడు, లారీలోనికి జీవములను తోలునప్పుడు, తడకలో టీకా వేయునప్పుడు అంత తీరిక ఉండదు. పది గజముల దూరమునుండి ఎవరైనను చూడగలిగినది రంగుచుక్క. సంఖ్య కచ్చేరికి, రంగు కాపరికి అన్నట్లు రెండును ప్రక్కప్రక్కనే నిలిచియున్నవి.

పొరుగువారు ఇరువురు ఒకే బీడున తమ జీవములను మేపుకొనుచు, సాయంకాలమున తగవులేక విడిపోవుటకు మనిషి కనిపెట్టిన సాధనములలో ఇంత చౌకయైనది మఱియొకటి లేదు. పుంగనూరు బాటలో మంద అడ్డము వచ్చి బస్సు నిలిచినప్పుడు ఆ రంగులను కొంచెము నిదానించి చూడుడు. ఏ చుక్క ఎవరిదో మనకు తెలియకపోవచ్చును. కఱ్ఱ పట్టుకొని నడచు ఆ కాపరిని అడిగినచో ఒక్కొక్క చుక్కకు ఒక్కొక్క కథ చెప్పగలడు.